వణికే చేతిలో చర్నాకోల

మహేశ్వరి కొట్టిన దెబ్బకు మూడేళ్ల మోక్షిత కనుబొమ చీలింది.

కొట్టింది అట్లకాడతో. కొట్టాలని కొట్టలేదు అనడానికి లేదు, కొట్టాలనే కొట్టింది. పాప ఆడుకుంటూ ఆడుకుంటూ జొన్నపిండి డబ్బా బోర్లించింది. అంతే. ఇదివరకైతే "అయ్యో నా బంగారూ" అంటూ పిండి చేటలోకి ఎత్తుకునేది. ఆ పొద్దు మాత్రం కడుపులోంచి మంట లేచి గొంతుదాకా వచ్చింది. చెయ్యి ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో ఆమెకే తెలియలేదు. తెలిసేసరికి పాప తెల్లటి పిండి మధ్యలో కూర్చుని ఉంది. నెత్తురు చుక్కలు చుక్కలుగా పిండిలో పడి ఉండలు కడుతోంది. పాప ఏడవలేదు. అదే మహేశ్వరిని ఎక్కువ భయపెట్టింది. అరచెయ్యి కనుబొమకు అడ్డం పెట్టుకుని, తల్లి చేతికేసే చూస్తూ ఊపిరి బిగబట్టింది.

సరిగ్గా అప్పుడే తిరుపాల్ వాకిట్లో అడుగుపెట్టాడు. ఆదోని పత్తి మార్కెట్లో హమాలీ అతను. భుజాన తువ్వాలు, చేతిలో మూటలెత్తే ఇనుప కొక్కెం. పాపను చూశాడు, పిండిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. కొక్కెం గూట్లో పెట్టి వచ్చి ఆమె చెంప మీద కొట్టాడు.

పెళ్లయిన ఆరేళ్లలో ఆ చెంపకు ఆ చెయ్యి కొత్త కాదు. కూరలో ఉప్పు తగ్గితే కొట్టేవాడు. మార్కెట్లో ఎవడో మాటంటే ఇంటికొచ్చి కొట్టేవాడు. కొట్టినప్పుడల్లా ఆమె గోడకు జరిగి, తల దించుకుని, వాన వెలిసేదాకా చూరు కింద నిలబడ్డ మనిషిలా ఆగేది.

ఆ రోజు ఆగలేదు. గూట్లో కొక్కెం ఆమె చేతికి వచ్చింది. విసిరిన విసురుకు అది తిరుపాల్ చెవిని రాసుకుంటూ పోయి వెనక దారబందంలో దిగబడింది. చెవి తమ్మె తెగి నెత్తురు చొక్కా మీద కారింది.

"ఇంగొక దెబ్బ ఏసినావంటే పేగులు తీస్తా! సంపి ఈన్నే పూడుస్తా!"

ఆ గొంతు తనదేనా అని మహేశ్వరికే అనుమానం వచ్చింది. గుడ్లు రెండూ ముందుకు పొడుచుకొచ్చి రెప్పలు మూతపడటం లేదు. వేళ్ల కొసల నుంచి మోకాళ్లదాకా వణుకు. బయట మాఘమాసపు చలిగాలి వీస్తుంటే ఆమె రవిక చెమటతో తడిసి వీపుకు అంటుకుపోయింది.

తిరుపాల్ రోకలి కోసం వంగాడు. అతని తల్లి హులిగమ్మ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి మధ్యలో పడింది.

"ముట్టొద్దురా! దూరం జరుగు! అది నీ పెండ్లాం కాదురా తిరుపాలూ, కండ్లు సూడు దాన్వి! అవ్వ వచ్చిందిరా, ఎల్లమ్మవ్వ వచ్చింది!"

అంటూనే కోడలి కాళ్ల మీద పడింది. రోకలి తిరుపాల్ చేతిలోంచి జారింది. ఆ మొగుడు చేతులు జోడించడం, ఆ అత్త తన కాళ్ల మీద పడటం మహేశ్వరి అదే మొదటిసారి చూడటం.

పాప మాత్రం పిండిలోనే కూర్చుని ఉంది, కనుబొమ మీద చెయ్యి పెట్టుకుని.

హులిగమ్మ ఊరికే అన్న మాట కాదది. ఆమె తల్లికి ఎల్లమ్మ పూనేది. ఆదోని, ఎమ్మిగనూరు మధ్య ఏ పల్లెలో ఎవరికి గాలి సోకినా ఆ ముసలామె దగ్గరికి పట్టుకొచ్చేవాళ్లు. ఆమె చర్నాకోలతో కొడితే పట్టినదేదైనా వదిలిపోతుందని నమ్మకం. ఆమె చచ్చిపోయాక చర్నాకోల హులిగమ్మకు వచ్చింది గానీ పూనకం రాలేదు. ఇరవై ఏళ్లు తలస్నానాలు చేసింది, ఉపవాసాలు ఉంది, వేపమండలు కట్టుకుంది. ఏమీ రాలేదు. చర్నాకోల మేకుకు వేలాడుతూ దుమ్ము పట్టింది.

ఇప్పుడు కోడలిలో ఒక్కొక్క గుర్తూ ఆమెకు కనబడుతోంది. దీపావళి నుంచి లెక్కపెట్టి మరీ చుట్టుపక్కల వాళ్లకు చెప్పింది.

"పూటకి ఐదు రొట్టెలు తింటాది, ఎముకలే మిగిలినాయి. తినేది ఎవరనుకుంటిరి? అవ్వే! కంటిమింద కునుకుండదు. సలిలో కూడా వాకిట్లోనే పండుకుంటాది, ఒళ్లు పెనం మాదిరి కాల్తాంటాది. సెయ్యి సూడు, ఎట్ల వణుకుతాందో. ఇంగొకటి సెప్తా, ఎవరితో అనొద్దు..." అని గొంతు తగ్గించి మరీ ఊరంతటికీ చెప్పింది. "మూన్నెల్లాయ, ముట్టు రాల్యా. కడుపా అంటే కడుపు కాదు. మైల ఉండే ఒంట్లో అవ్వ ఎట్లుంటాది? అవ్వే ఆపుకునింది!"

ఆ మాటతో ఎవరికీ అనుమానం మిగల్లేదు. మహేశ్వరికి కూడా.

ఆ మంగళవారమే ఆమెకు తలంటి, పసుపు పూసి, ముఖాన రూపాయి కాసంత కుంకుమ పెట్టి, అరుగు మీద కూర్చోబెట్టారు. చర్నాకోలకు నూనె పట్టించి చేతిలో పెట్టారు. మొదట వచ్చింది శేషప్ప అనే ముసలాయన, నడుము పట్టేసిందని. వీపు మీద గుడ్డ తీసేసి బోర్లా పడుకున్నాడు. మహేశ్వరి మెల్లగా ఒకటి వేసింది.

"తల్లీ, దోమ వాలినట్లుంది. కోపం సాలల్యా నా మింద?" అన్నాడు ముసలాయన. చూసేవాళ్లు నవ్వారు.

రెండోది గట్టిగా వేసింది. మూడోదానికి వీపు వాచింది. నాలుగోదానికి తోలు లేచింది. ఆ చప్పుడు వింటుంటే ఆమెలో ఏదో తెరుచుకుంది. ఆరేళ్లుగా గోడకు జరిగి నిలబడ్డదంతా చెయ్యిలోకి దిగింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. శేషప్ప "సాలు తల్లీ సాలు" అని మొత్తుకుంటుంటే నలుగురు పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ఆయన లేచి, నడుము పట్టుకుని, ఏడుస్తూనే "పోయింది, నొప్పి పోయింది" అన్నాడు.

వారం వారం జనం పెరిగారు. మహేశ్వరి కొడుతూనే ఉంది. మగాళ్ల వీపులు తన ముందు వరసగా వంగడం ఆమెకు నచ్చలేదంటే అబద్ధం. ఇంట్లో తిరుపాల్ ఆమెను "ఏమే" అని పిలవడం మానేశాడు. చెవి తమ్మెకు పడిన కుట్టు తడుముకుంటూ, అన్నం పెట్టమని అడగడానికి కూడా వాకిట్లో నిలబడి దగ్గేవాడు. దారబందంలో కొక్కెం చేసిన గంటును ఎవరూ పూడ్చలేదు, దానికి కుంకుమ పెట్టారు.

కానీ మోక్షిత దగ్గరికి రావడం మానేసింది. నాయనమ్మ కొంగు పట్టుకునే తిరిగేది. మహేశ్వరి తల దువ్వుకోవడానికి చెయ్యి ఎత్తినా చాలు, ఇంటి ఆ మూల నుంచి పాప అరచెయ్యి కనుబొమ మీదికి పోయేది. మహేశ్వరి అది చూసేది. చూసి చెయ్యి దించుకునేది. ఆ చెయ్యి తన మాట వినదని ఆమెకు తెలుసు. ఈసారి అట్లకాడ కాక పెనం దొరికితే? కత్తిపీట దొరికితే? పగలంతా గుండె దడదడ కొట్టుకుంటూ ఇదే ఆలోచన. ఇంట్లో ఉన్న కొడవలి, కత్తిపీట రెండూ తీసి అటక మీద దాచింది, తనకు తనే అందకుండా.

ఆ ఊరి ఆశా కార్యకర్త మేరి. నలభై ఏళ్ల మనిషి. చర్చి పక్క వీధిలో ఉంటుంది. ఎల్లమ్మ అరుగు దగ్గరికి ఆమె ఎప్పుడూ రాదు. ఒకరోజు పొద్దున అంగన్‌వాడీలో పిల్లలను తూకం వేస్తూ మోక్షిత కనుబొమ మీది మచ్చ చూసి, మహేశ్వరిని పక్కకు పిలిచింది.

"ఎవరు కొట్టినారు?"

"నేనే, మేరక్కా."

"అవ్వ కొట్టిందని సెప్తావేమో అనుకుంటి."

మహేశ్వరి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అవ్వే అయితే నా పాపనెందుకు కొడతాది?"

మేరి ఆమె కళ్లలోకి చూసింది. తర్వాత మెడ మీదికి చూసింది. "గుటక మింగు," అంది. మింగింది. గొంతు ముందర, కింది భాగంలో, ఉబ్బు ఒకటి పైకి పోయి కిందికి వచ్చింది. "రెండు సేతులూ ముందరికి సాపు. వేళ్లు ఎడం పెట్టు." చాచింది. మేరి పాప టీకాల కార్డు తీసి ఆమె వేళ్ల మీద పరిచింది. కార్డు గాలికి ఆకు కదిలినట్టు టపటపా కొట్టుకుంది. మణికట్టు పట్టుకుని గడియారం చూసింది మేరి. ఊరికే నిలబడ్డ మనిషికి నిమిషానికి నూట ముప్పై.

"మా పెద్దక్కకి ఇట్లే ఉండె. గొంతుకాడ ముందర, సీతాకోకచిలుక రెక్కలు పరిసినట్ల ఒక గ్రంథి ఉంటాది మే. థైరాయిడ్ అంటారు. ఒంట్లో పొయ్యికి ఎంత మంట పెట్టల్లో అదే సూసుకుంటాది. నీది ఆపకుండా కట్టెలు ఎగదోస్తా ఉంది. అందుకే తిన్నదంతా కాలిపోతాంది, సెమట, దడ, వణుకు, నిద్ర ల్యాకపోవడం. నెలసరి ఆగడం కూడా దాన్ది కావచ్చు. కండ్లు గూడా దాన్ల వచ్చినట్లే ఉండాయి."

"కోపం?"

"కోపం కొంచెం దాన్ది. మిగిల్ది మీ ఆయన్ది."

మహేశ్వరి మోక్షిత వైపు చూసింది. "పాపను కొట్టింది?"

మేరి కార్డు మడిచి చేతిలో పెట్టింది. "అది నన్నడగొద్దు. వేలెడు కిందికి పడుంటే కన్ను పోయుండు. ముందు రక్తం పరీక్ష సేయించుకుందువు రా."

ఆదోనికి పోతే మార్కెట్ వాళ్లు ఎవరైనా చూసి తిరుపాల్ చెవిన వేస్తారు. అందుకని ఎమ్మిగనూరు పోయారు. పాప బరువు తగ్గింది, పెద్ద డాక్టరుకు చూపించాలని మేరి ఇంట్లో చెప్పింది. హులిగమ్మ ఒప్పుకుంది గానీ, "అవ్వ ఒంటికి సూది తగలనీయొద్దు" అని హెచ్చరించి పంపింది.

సూది తగిలింది. రెండో రోజు కాగితం వచ్చింది. డాక్టరమ్మ దాన్ని చూస్తూ, టీఎస్‌హెచ్ దాదాపు లేనట్టే ఉందని, టీ3, టీ4 రెండూ ఉండాల్సిన దానికి మించి ఉన్నాయని చెప్పింది. గ్రంథి పనిని తగ్గించడానికి ఒక మాత్ర, దడకూ వణుకుకూ ఇంకొకటి రాసింది.

"ఇది వారంలో తగ్గే జబ్బు కాదమ్మా. నెలల తరబడి వేసుకోవాలి. తగ్గిందని నీకు నువ్వే ఆపకూడదు. జ్వరం, గొంతు నొప్పి వస్తే మాత్రం మాత్ర ఆపి ఆ రోజే రావాలి. కడుపు వస్తే వెంటనే చెప్పాలి. నీలాంటి ఆడవాళ్లు రోజూ వస్తారు నా దగ్గరికి. మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువ."

"అందరికీ పూనకం వస్తాదామ్మా?" అంది మహేశ్వరి.

డాక్టరమ్మ తల ఎత్తి చూసింది. "కొందరికి పిచ్చి అంటారు. కొందరికి దెయ్యం అంటారు. నీకు దేవత అన్నారు, నయం."

మాత్రలు జొన్నల మూటలో దాచింది. పొద్దున, సాయంత్రం గుప్పెడు జొన్నలు తీసే వంకతో మింగేది. నాలుగైదు వారాలకు గుండె నెమ్మదించింది. ఒకరోజు మధ్యాహ్నం నులకమంచం మీద ఒరిగితే నిద్రపట్టింది, లేచేసరికి పొద్దు వాలింది. మోక్షిత మంచం కోడు పట్టుకుని ఆమెనే చూస్తోంది. రెండు చేతులూ కిందికే ఉన్నాయి. అంత దగ్గరికి వచ్చింది పాప.

కానీ మంగళవారం అరుగు మీద వణుకు రాలేదు. కళ్లు పెద్దవి చేసి ఊగింది. దెబ్బలు తేలిపోయాయి. "అవ్వకి ఏమో తక్కువైంది" అని ఎవరో గొణిగారు. హులిగమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. మూడు రోజులు కోడలి వెంటే తిరిగింది. నాలుగో రోజు జొన్నల మూటలో చెయ్యి పెట్టింది.

"ఇవేంటివే? ఎవరిచ్చిరి? ఆ మేరే కదా! అవ్వని ఎల్లగొట్టనీకి మందు పెట్టిందా?"

మహేశ్వరి లాక్కోబోయింది. హులిగమ్మ ఆమె జుట్టు పట్టి వంచి, మాత్రల అట్టలన్నీ మండే పొయ్యిలో తోసింది. అవి ముడుచుకుపోయి నల్లటి కంపు పొగ వచ్చింది. మహేశ్వరి పొయ్యిలో చెయ్యి పెట్టి ఒక్క అట్ట బయటికి లాగింది. వేళ్లు బొబ్బలెక్కాయి. అట్టలో మిగిలింది బూడిదే.

"నా తల్లి చర్నాకోల ఇరవై ఏండ్లు ఎండిందే! ఇరవై ఏండ్లు! మళ్లా దాన్ని మేకుకి తగిలిస్తానంటే నిన్ను నేనే తగిలిస్తా!" అంది హులిగమ్మ ఏడుస్తూ. ఆ రోజు నుంచి గడప మీదే కూర్చుంది. మేరి వస్తే కసువూడ్చే చీపురు చూపించింది.

పదకొండు రోజులు. ఐదో రోజుకు దడ తిరిగి వచ్చింది, ఎనిమిదో రోజుకు వణుకు. పదో రోజు మోక్షిత చెంబు జారవిడిస్తే, మహేశ్వరి తన చేతిని తానే కొరుక్కుని ఆపుకుంది. పళ్ల గాట్లలో నెత్తురు చిమ్మింది. పాప మళ్లీ మూలకు పోయింది.

పదకొండో రోజు మంగళవారం. పున్నమి కలిసి వచ్చింది. వాకిలి, వీధి జనంతో నిండిపోయాయి. సి.బెళగల్ వైపు నుంచి అయ్యన్న అనే అతను పెళ్లాన్ని ఆటోలో తెచ్చాడు. పేరు భారతి. ఇద్దరు పట్టుకుని అరుగు ముందర కూర్చోబెట్టారు. ముఖం, కాళ్లు వాచి ఉన్నాయి. ఎండ మండిపోతుంటే దుప్పటి కప్పుకుని ఉంది.

"ఏం సెప్పమంటావు తల్లీ," అన్నాడు అయ్యన్న. "కానుపై ఏడాది కాలా. అప్పట్నుంచి ఇట్లనే. పొద్దన లేయదు. పని సేయదు. బిడ్డ ఏడుస్తాంటే కూడా బొమ్మ మాదిరి సూస్తా ఉంటాది. కొట్టి కొట్టి నా సేతులు నొస్తాండాయి. బద్ధకం పిశాసి పట్టింది దీన్ని. నువ్వే ఇడిపించల్ల."

భారతి తల ఎత్తింది. "సలేస్తాంది," అంది. గొంతు బొంగురుగా, మగ గొంతులా ఉంది.

"సూసినారా! ఆ గొంతు సూసినారా!" అన్నారు జనం.

మహేశ్వరిలో మంట అప్పటికే గొంతు దాటింది. ఎవరో దుప్పటి లాగేశారు. చర్నాకోల లేచింది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రవిక చిరిగింది. రెండోది వీపు మీద. భారతి అరవలేదు, కొంచెం పక్కకు ఒరిగింది, అంతే. అరవకపోవడం మహేశ్వరిని ఇంకా రెచ్చగొట్టింది. మూడోది మెడ కింద పడి నెత్తురు చారిక కట్టింది. "ఎయ్ తల్లీ! ఇంగా ఎయ్!" అంటున్నాడు అయ్యన్న. నాలుగోదానికి చెయ్యి వెనక్కి పోయింది.

భారతి అరచెయ్యి నెమ్మదిగా లేచి కనుబొమకు అడ్డం వచ్చింది.

మహేశ్వరి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మూలకు చూసింది. స్తంభం వెనక మోక్షిత. దాని చెయ్యి కూడా అక్కడే ఉంది.

పైకెత్తిన చర్నాకోల తోక ఆమె సొంత భుజం మీదికే జారింది. మహేశ్వరి అరుగు దిగింది. జనం వెనక్కి తగ్గారు. భారతి గడ్డం పట్టుకుని పైకెత్తింది. తోలు ఎండిపోయి పొలుసులుగా ఉంది. కనుబొమలు చివరల్లో పల్చబడ్డాయి. మెడ ముందర తనకున్నట్టే ఉబ్బు.

"గుటక మింగు," అంది.

భారతి మింగింది. ఉబ్బు పైకి పోయి కిందికి వచ్చింది.

మహేశ్వరి తన మెడ తడుముకుని చూసుకుంది. తన పొయ్యిలో కట్టెలు ఎక్కువయ్యాయి. ఈమె పొయ్యి ఆరిపోతోంది. తనను దేవత అని ఎక్కించారు, ఈమెను పిశాచం అని దించారు. ఈమెను కొట్టమని తన చేతికిచ్చారు. మూడు దెబ్బలు తాను కొట్టింది కూడా.

లేచి ఒక్కసారిగా తిరిగింది. చర్నాకోల గాల్లో ఈల వేసి అయ్యన్న పిక్కల మీద చుట్టుకుంది. లాగేసరికి అతను వెల్లకిలా పడ్డాడు.

"కొట్టి కొట్టి సేతులు నొస్తాండాయా నీకి?" రెండోది అతని చేతుల మీదే వేసింది. "యాడ నొస్తాండాయి? ఈడనా? ఈడనా?"

"తల్లీ! తప్పయింది తల్లీ!"

"దీన్ని పిశాసి పట్టల్యా! దీని గొంతులో జబ్బుంది. రేపు పొద్దన ఎమ్మిగనూరుకి తీస్కపో. థైరాయిడ్ అని రక్తం పరీక్ష సేయించు. ఇంగొకసారి దీని మింద సెయ్యి ఎత్తినావని నాకి తెలిసిందా..." చర్నాకోల అతని చెవి పక్కన నేల మీద పేలింది. మట్టి లేచి అతని నోట్లో పడింది.

జనం గుసగుసలాడారు. అవ్వ రక్తం పరీక్ష అంటుందేంటి? ఎవరికీ ఎప్పుడూ తెలియని వింత. కానీ చర్నాకోల చేతిలో ఉన్నంతసేపు పైకి అనే ధైర్యం ఎవరికి ఉంటుంది?

మహేశ్వరి అంతటితో ఆగలేదు. ఆ మాటలన్నీ తనవే అని ఆమెకు బాగా తెలుసు. వణుకు జబ్బుది, మాట తనది. ఈ ఒక్క పొద్దే తన మాట చెల్లేది. హులిగమ్మ వైపు తిరిగింది.

"నా మందు పొయ్యిలో ఏసిన సెయ్యి యేది? సూపియ్యి!"

హులిగమ్మ ముఖం పాలిపోయింది. రెండు చేతులూ కొంగులో దాచుకుంది. "తల్లీ... నీకోసరమే... నువ్వు ఎళ్లిపోతావేమో అని..."

చర్నాకోల ఆమె కాళ్ల ముందు పడింది. ముసలి ప్రాణం ఎగిరిపడింది.

"ఈ ఒళ్లు నాకి గుడి. గుడి కూలిపోతాంటే మరమ్మత్తు సేస్తారా, నిప్పు పెడతారా? సెప్పు! గుడి కూలితే నేను యాడుండల్ల?"

"మరమ్మత్తు సేపిస్తా తల్లీ! సేపిస్తా!"

"తిరుపాలూ!"

వెనక వరసలో ఉన్న తిరుపాల్ వంగుతూ వంగుతూ ముందుకొచ్చాడు. చెయ్యి చెవి మీదికి పోయింది.

"రేపు ఈ ఒంటిని నువ్వే తీస్కపోతావు. మాత్ర తప్పినా, ఈ ఒంటిమింద, ఆ పాప మింద ఎవరి సెయ్యి పడినా, ఈసారి కొక్కెం దారబందంలో దిగదు."

అని చర్నాకోల అరుగు మీదికి విసిరేసి, అక్కడే కుప్పకూలింది. అది నటన కాదు. గుండె అంత వేగంగా కొట్టుకుంటోంది.

మర్నాడు ఎమ్మిగనూరులో రక్తం తీసే గది ముందర బల్ల మీద మహేశ్వరి, భారతి పక్కపక్కనే కూర్చున్నారు. ఒకరికి ఫ్యాను కావాలి, ఒకరికి వద్దు. తిరుపాల్, అయ్యన్న బయట చెట్టు కింద బీడీలు కాలుస్తూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

"నొస్తాందా అక్కా?" అంది మహేశ్వరి, భారతి భుజం చూస్తూ.

భారతి మాట కూడా మెల్లగా, ఆగి ఆగి వచ్చింది. "మా ఆయన దెబ్బలకి అలవాటు పడింటి. నీ సెయ్యి బో గట్టిదమ్మా."

మహేశ్వరి వంగి ఆమె కాళ్లు పట్టుకుంది. భారతి కాళ్లు చల్లగా ఉన్నాయి. "లెయ్ మే," అంది భారతి. "నిన్ను సూసి అందరూ మొక్కుతాండారు, నువ్వు నాకి మొక్కితే మళ్లా నన్ను అరుగెక్కిస్తారు."

భారతి కాగితం మహేశ్వరి కాగితానికి తలకిందులుగా వచ్చింది. టీఎస్‌హెచ్ చాలా ఎక్కువ, మిగిలినవి తక్కువ. కాన్పు తర్వాత కొందరిలో ఇలా అవుతుందని, పొద్దున్నే పరగడుపున చిన్న మాత్ర వేసుకుంటే మెల్లగా మనిషి తేరుకుంటుందని, మళ్లీ మళ్లీ పరీక్ష చేయించాలని డాక్టరమ్మ చెప్పింది. "మరి బద్ధకం?" అన్నాడు అయ్యన్న. ఆమె కళ్లద్దాల మీదుగా అతన్ని చూసింది. "ఇన్ని నెలలుగా ఒళ్లు ఆరిపోతున్నా బిడ్డకు పాలిచ్చింది. నీకైతే వారానికే మంచం కావాల్సొచ్చేది."

శ్రావణానికి మహేశ్వరి ఒళ్లు నిలబడింది. రొట్టెలు రెండుకు వచ్చాయి. కళ్లు మాత్రం కాస్త పెద్దవిగానే ఉండిపోయాయి, అవి పూర్తిగా లోపలికి పోకపోవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఒక పొద్దున ఆమె తలస్నానానికి నీళ్లు పెట్టుకుంటుంటే హులిగమ్మకు అర్థమైంది.

"ముట్టొచ్చిందా?"

"వచ్చింది అత్తా."

"అట్లయితే... అవ్వ ఎళ్లిపోయిందా?"

ముసలామె గొంతులో దిగులు చూసి మహేశ్వరికి జాలి కలిగింది. మేకుకు వేలాడే చర్నాకోల వైపు చూసింది. అరుగు ఎక్కడం మానేసినా దాన్ని అక్కడినుంచి తీయనివ్వలేదు, పొయ్యికి ఎదురుగా, తిరుపాల్ అన్నానికి కూర్చునే చోటికి నేరుగా. వారానికోసారి నూనె కూడా తానే పట్టిస్తుంది.

"ఎళ్లింది అత్తా. పిలిస్తే వస్తానని సెప్పి ఎళ్లింది."

ఆ మధ్యాహ్నం కూరలో ఉప్పు తగ్గింది. తిరుపాల్ ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించాడు. చెయ్యి కంచం మీదినుంచి లేచింది. కళ్లు మేకు దాకా పోయాయి. లేచిన చెయ్యి కుట్టు పడిన చెవిని గోక్కుని కిందికి వచ్చింది. "ఉప్పేది?" అన్నాడు. మహేశ్వరి ఉప్పు డబ్బా ముందుకు తోసింది.

అతను పోయాక మోక్షిత టీకాల కార్డు పట్టుకుని వచ్చింది. అది దానికి ఆట అయిపోయింది. మహేశ్వరి వేళ్లు చాచింది. పాప కార్డు పెట్టి, వంగి, ఒక కన్ను మూసి చూసింది. కార్డు కదల్లేదు.

"కదల్యా," అంది పాప.

"కదల్యా," అంది మహేశ్వరి, సంతోషం పట్టలేక పాప తల నిమరడానికి చెయ్యి ఎత్తింది. పాప అరచెయ్యి వెంటనే కనుబొమ మీదికి పోయింది.

దానికి ఏ డాక్టరమ్మా మాత్ర రాయలేదు. మహేశ్వరి చెయ్యి దించి, అరచెయ్యి వెల్లకిలా నేల మీద పెట్టింది. పెట్టి, కదలకుండా కూర్చుంది. పొయ్యి మీద ఎసరు మరిగి పొంగి నిప్పుల మీద చుయ్యిమంది. లేవలేదు. పాప ఆ చేతిని చూసింది, తల్లి ముఖం చూసింది, మళ్లీ చేతిని చూసింది. తర్వాత నెమ్మదిగా వచ్చి, అందులో ఒక్క వేలు పెట్టింది.